లండన్‌లో పూటకూళ్ళ ఇల్లు

లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌లో దిగి బరో హై స్ట్రీట్ పట్టుకుని నడిస్తే జార్జ్ ఇన్‌కి ఐదు నిమిషాలు. సందు ఇరుకు కావడంతో మొదట దాటి ముందుకెళ్ళిపోయాం. వెనక్కొచ్చి లోపలికి తొంగిచూస్తే, నల్లగా మాగిన చెక్క వరండాలు అంతస్తు మీద అంతస్తుగా కనిపించాయి. కటకటాలు ఒకపక్కకి కాస్త ఒరిగాయి కూడా. మా ఆవిడకి వాళ్ళ అమ్మమ్మగారి మండువా ఇల్లు గుర్తొచ్చింది.

గుర్రబ్బళ్ళ మీద వచ్చేవాళ్ళకి ఇది బస. సత్రం అందామంటే ఇక్కడ ఏదీ ఊరికే పెట్టలేదు, పూటకూళ్ళ ఇల్లు అంటేనే సబబు. కెంట్, ససెక్స్ జిల్లాల వైపు పోయే దారి ఈ వీధిదే కాబట్టి ఒకప్పుడు వరసగా ఇలాంటివే ఉండేవి. 1676లో ఈ పేట, అంటే సదర్క్, తగలబడినప్పుడు ఇదీ కాలిపోయింది. మరుసటి ఏడాదే మళ్ళీ కట్టారు. మధ్యలో బళ్ళు ఆగే వాకిలి, చుట్టూ మూడు వైపులా కట్టడం.

రైలు రావడంతో బళ్ళు మూలపడ్డాయి. చిత్రమేమిటంటే ఇల్లు కూడా రైల్వే చేతికే పోయింది. గ్రేట్ నార్తర్న్ రైల్వే వాళ్ళు సరుకుల డిపో కోసం 1889లో రెండు వైపులు పడగొట్టేశారు. మనం చూసేది మిగిలిన మూడో వైపు. 1937 నుంచి ఇది పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది. వరండాల బస లండన్ మొత్తంలో ఇదొక్కటే మిగిలింది.

బార్‌లో పెద్ద గోడ గడియారం చూడండి, పార్లమెంట్ గడియారం అంటారు. 1797లో పార్లమెంట్ గడియారాల మీద పన్ను వేస్తే జనం సొంతవి మానేసి ఇలాంటి చోట్లకొచ్చి టైమ్ చూసుకునేవారని కథ. ఆ పన్ను ఏడాది తిరక్కుండానే ఎత్తేశారు. నిజానికి ఈ రకం గడియారాలు అంతకు ముందూ ఉన్నాయి, పేరు మాత్రం పన్నుదే నిలిచింది.

ఇప్పుడు పబ్బే, రాత్రి బస లేదు. తిండి మామూలే. చేప, బంగాళాదుంప వేపుడు తిన్నాం, ఉప్పూ కారం మనమే వెతుక్కోవాలి. అసలు తిండి కోసమైతే పక్కనే ఉన్న బరో మార్కెట్‌కి వెళ్ళడం మేలు. సాయంత్రం ఆఫీసులు వదిలాక వాకిట్లో నిలబడే చోటు కూడా దొరకదు, మధ్యాహ్నమే వెళ్ళండి.

మేం దిగిన హోటల్ వేరు, పేరెందుకులెండి. గది కిటికీ తెరుచుకోదు, పెట్టెలు దాచినందుకూ డబ్బులు గుంజారు. పూటకూళ్ళమ్మ నయం.