చీకట్లో పరిగెత్తనిచ్చే పుస్తకం: ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (2024) చూపు నియమాల మీద

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉంది. ఇంట్లో అందరూ రేచీకటి అనే అంటారు. చిన్నప్పుడు తెనాలిలో సినిమాకి ఆలస్యంగా వెళ్తే గేటు దగ్గరి మనిషి టార్చి వేసి మెట్లు చూపించేవాడు. అందరూ ఆ వెలుగు వెంట చకచకా దిగిపోయేవాళ్ళు. నాకు ఆ పసుపు గుండ్రం ఒక్కటే కనిపించేది, దాని చుట్టూ ఏమీ లేదు. నాన్న చొక్కా అంచు పట్టుకుని కాలితో మెట్టు వెతుక్కుంటూ దిగేదాన్ని.

అందుకే రోల్‌ప్లేయింగ్ గేమ్ (తలా ఒక పాత్రగా మారి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) పుస్తకం ఏది చేతికొచ్చినా ముందు చీకటి గురించి ఏం రాశారో చూస్తాను. కూకట్‌పల్లిలో మా తమ్ముడి ఫ్లాట్‌లో ఆరుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. వాడే డీఎం, అంటే కథ చెప్తూ ఆట నడిపేవాడు. 2014 నాటి నియమాల పుస్తకంతో మొదలుపెట్టి, 2024లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌కి మారాం. మిగతా పుస్తకం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను చూపు, చీకటి నియమాల గురించే చెప్తాను.

ముందు బాగున్నది. చూపు లేని స్థితిని ‘బ్లైండెడ్’ అంటారు. ఆ స్థితిలో ఉన్నవాళ్ళు చూపుతో పని ఉన్న పరీక్షల్లో మాత్రమే ఓడిపోతారు. చెవితో వినేవి, చేత్తో తడిమి తెలుసుకునేవి మామూలుగానే రోల్ చేసుకోవచ్చు. వాళ్ళు కొట్టే దెబ్బకి డిసడ్వాంటేజ్, అంటే రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాలి. వాళ్ళ మీద పడే దెబ్బకి అడ్వాంటేజ్, అంటే రెండిట్లో ఎక్కువది. అంతే. చూపు లేకపోతే మనిషి దేనికీ పనికిరాడని ఎక్కడా రాయలేదు. ఈ ఒక్క విషయానికి ఆ పుస్తకం అంటే నాకు గౌరవం.

డార్క్‌విజన్ కూడా ఆలోచించి రాసిందే. అది ఉన్నవాళ్ళకి చిమ్మచీకటి మసక వెలుతురులా కనిపిస్తుంది, కానీ రంగులు తెలియవు, అంతా బూడిద రంగే. మన కంట్లోనూ మసకలో పనిచేసే కణాలకి రంగు తెలియదు. నా జబ్బులో మొదట పోయేవి ఆ కణాలే. చిక్కల్లా ఆడేవాళ్ళతోనే. కొత్త పుస్తకంలోని పది జాతుల్లో ఏడింటికి ఈ చూపు ఉంది, మనుషులకీ హాఫ్లింగ్‌లకీ గోలయత్‌లకీ తప్ప. దాంతో ‘మాకు డార్క్‌విజన్ ఉందిగా’ అని ఎవరూ కాగడా వెలిగించరు. కానీ మసకలో కంటితో కనిపెట్టే పర్సెప్షన్‌కి డిసడ్వాంటేజ్ ఉంది కదా! పాసివ్ పర్సెప్షన్ (డైస్ వేయకుండానే లెక్కలోకి తీసుకునే గమనింపు అంకె) అయితే నేరుగా 5 తగ్గుతుంది. మా జట్టులోని ఎల్ఫ్ పాత్రకి ఉన్న 14 కాస్తా 9 అయింది. 12 ఉంటే కనిపించే తాడుని తన్నుకుని గోతిలో పడింది. ఒక రాగి నాణెం పెడితే గంటసేపు వెలిగే కాగడా వస్తుంది, 20 అడుగుల దాకా పూర్తి వెలుగు ఇస్తుంది. అది చేతిలో ఉంటే ఆ తాడు కనిపించేది.

ఇక బాగాలేనివి. మసక వెలుతురులో కొట్టే దెబ్బకి ఏ లోటూ లేదు. పొద్దుగూకే వేళ నేను మా వీధి మలుపు దాటడానికే తంటాలు పడతాను, ఇక్కడ కత్తియుద్ధం పట్టపగలు లాగే సాగిపోతుంది. వెలుగులోంచి చీకట్లోకి వచ్చిన కన్ను అలవాటు పడటానికి ఎవరికైనా ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ మాటే లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది విల్లు లెక్క. లాంగ్‌బో 150 అడుగులు దాటితే డిసడ్వాంటేజ్, 600 దాకా వెళ్తుంది. ఎండలో ఇద్దరు విలుకాళ్ళు 600 అడుగుల దూరంలో నిలబడితే ఇద్దరికీ డిసడ్వాంటేజే. అదే ఇద్దరినీ కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో నిలబెట్టండి. శత్రువు కనపడనందుకు ఒక డిసడ్వాంటేజ్, దూరానికి ఇంకొకటి. కానీ శత్రువుకి వీళ్ళు కనపడరు కాబట్టి ఒక అడ్వాంటేజ్. అటు ఎన్ని ఉన్నా, ఇటు ఒక్కటే ఉన్నా మొత్తం కొట్టేసుకుంటాయని నియమం, కాబట్టి మామూలు రోల్. అంటే దూరపు బాణం పగటికన్నా చీకట్లోనే బాగా తగులుతుంది! మాంత్రికుడికి మాత్రం చీకటి నిజంగా దెబ్బే. మ్యాజిక్ మిస్సైల్ వేయాలంటే శత్రువు కనపడాలి. ఫైర్‌బాల్‌కి ఆ ఇబ్బంది లేదు, ఒక చోటు ఎంచుకుంటే చాలు.

మధ్యలో షాడోడార్క్ కూడా ఆడాం. కెల్సీ డియోన్ రాసిన ఆట, 2023లో వచ్చింది. అందులో ఆడేవాళ్ళ పాత్రలకి డార్క్‌విజన్ అస్సలు లేదు. కాగడా గంటసేపు వెలుగుతుంది, ఆ గంట గోడ మీది గడియారంలో గడిచే గంటే. తమ్ముడు ఫోన్‌లో టైమర్ పెట్టి బల్ల మధ్యలో ఉంచాడు. చివరి ఐదు నిమిషాల్లో ఎవరూ చిప్స్ ప్యాకెట్ ముట్టుకోలేదు, అంత టెన్షన్. చీకటంటే భయం ఎలా ఉంటుందో ఆ ఆట చెప్పినంతగా హ్యాండ్‌బుక్ చెప్పదు.

హ్యాండ్‌బుక్‌లో అసలు లోటు నడక దగ్గర ఉంది. ఒక ఆటలో శత్రువు ‘డార్క్‌నెస్’ మంత్రం వేశాడు. 15 అడుగుల వ్యాసార్థం, డార్క్‌విజన్‌కి కూడా లొంగని చీకటి. మా దొంగ పాత్ర ఆడే కుర్రాడు బండరాళ్ళ మధ్యనుంచి 30 అడుగులు దూసుకుపోయాడు. “ఆగరా, ఏమీ కనపడకుండా ఎలా పరిగెడతావు?” అన్నాను. తమ్ముడు పుస్తకం తిరగేసి, “లేదక్కా, వేగం తగ్గుతుందని ఎక్కడా రాయలేదు” అన్నాడు. నిజమే, లేదు. చూపు లేనివాడి వేగం చూపున్నవాడి వేగమే.

బ్లైండ్ ఫైటింగ్ అనే ఫీట్ (పాత్రకి ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) ఉంది, అది తీసుకుంటే 10 అడుగుల లోపల కన్ను లేకుండానే అన్నీ తెలుస్తాయి. నా ఫైటర్‌కి అదే తీసుకున్నాను, యుద్ధంలో చాలా బాగుంది. కానీ అది పాత్రకి చూపు తిరిగి ఇచ్చేస్తుంది. నా తెల్ల కర్రకి అందేది నాలుగడుగులు, ఆ నాలుగడుగులూ తడిమి తడిమి తెలుసుకునేవే.

అందుకని మేమే ఒక రూలు రాసుకున్నాం. ఏమీ కనపడనివాళ్ళు సగం వేగం దాటితే డెక్స్‌టెరిటీ సేవ్ 10, అంటే చురుకుదనం మీద డైస్ వేసి 10 తెచ్చుకోవాలి, తప్పితే పడిపోతారు. పక్కవాళ్ళ మోచెయ్యి పట్టుకుంటే సేవ్ అక్కర్లేదు, వాళ్ళ వేగమే వీళ్ళ వేగం. మొదటిసారి మా క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడే అమ్మాయి, “నీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాను అక్కా” అంది. “లాగకు. నీ మోచెయ్యి ఇచ్చి, అరడుగు ముందు నడువు. మెట్టు రాగానే నీ చెయ్యి కిందికి దిగుతుంది, నాకు తెలిసిపోతుంది” అన్నాను. ఆట ఆపేసి, ఒకరి తర్వాత ఒకరు కళ్ళు మూసుకుని డైనింగ్ టేబుల్ చుట్టూ నడిచి చూశారు. దొంగ పాత్ర కుర్రాడు రెండు కుర్చీలు గుద్దుకుని, మూడోసారి తనే వచ్చి నా మోచెయ్యి అడిగాడు.

చీకటి నియమాల కోసమే అయితే పుస్తకం కొనక్కర్లేదు. ఎస్‌ఆర్‌డీ 5.2 (ఆట మూల నియమాల పత్రం) పీడీఎఫ్‌లో అవి ఉచితంగా ఉన్నాయి. నాలాంటి వాళ్ళు అక్షరం పెద్దది చేసుకుని చదువుకోవచ్చు. మా రూలు కలుపుకుంటే సేవ్ 10 దగ్గరే ఉంచండి. మేం 15 పెట్టి చూశాం, ఎవరూ నిలబడ్డ చోటునుంచి కదల్లేదు.