లిస్న్-ఎస్ పరీక్ష, సౌండ్ స్టార్మ్ ఆటలు: ఏళ్ల తరబడి వాడాక

క్లాసులో చెప్పింది సగం అందడం లేదని టీచరు అంటారు. చెవి పరీక్ష చేయిస్తే అంతా నార్మల్ అని వస్తుంది. ఇలాంటి పిల్లల కోసం సిడ్నీలోని నేషనల్ అకూస్టిక్ లాబొరేటరీస్‌లో షారన్ కామెరాన్, హార్వీ డిల్లన్ తయారుచేసిన పరీక్ష లిస్న్-ఎస్. దానికి జతగా వచ్చిన శిక్షణ ఆటలు మొదట కంప్యూటర్ మీద లిస్న్ అండ్ లెర్న్ పేరుతో ఉండేవి, తర్వాత ఐప్యాడ్ మీద సౌండ్ స్టార్మ్ అయ్యాయి. రెండింటి మీదా నా అభిప్రాయం: పరీక్ష చాలా గట్టిది, ఆటలు మంచివే కానీ కొద్దిమందికే పనికొస్తాయి. ఆ కొద్దిమంది ఎవరో తేల్చేది పరీక్షే. "ముందు ఆటలు పెట్టి చూద్దాం, పరీక్ష సంగతి తర్వాత" అనుకుంటే మూడు నెలలు గాల్లో కలిసినట్టే.

పరీక్షలో పిల్లకు హెడ్‌ఫోన్స్ పెడతాం. ఎదురుగా ఒక ఆడగొంతు ఇంగ్లీషులో వాక్యాలు చెబుతున్నట్టు వినిపిస్తుంది, ప్రతి వాక్యానికి ముందు చిన్న బీప్. అదే సమయంలో రెండు పిల్లల కథలు ఆగకుండా నడుస్తుంటాయి. కథల శబ్దం 55 డెసిబెళ్ల దగ్గరే ఉంటుంది. వాక్యం 62 దగ్గర మొదలవుతుంది. విన్నది తిరిగి చెప్పాలి. సగానికి పైగా పదాలు సరిపోతే తర్వాతి వాక్యం శబ్దం తగ్గుతుంది, సగంకన్నా తక్కువైతే పెరుగుతుంది. తొలి మెట్లు 4 డెసిబెళ్లవి, తగ్గుతూ వచ్చిన శబ్దం మొదటిసారి మళ్లీ పెరిగాక 2. ఒక్కో విడతకు గరిష్ఠంగా 30 వాక్యాలు, ఇలాంటి విడతలు నాలుగు: కథలు రెండు పక్కల నుంచి వేరే గొంతులతో, పక్కల నుంచే అదే ఆడగొంతుతో, ఎదురుగా వేరే గొంతులతో, చివరికి ఎదురుగా అదే గొంతుతో. మొత్తం ఇరవై నిమిషాల పని.

అసలు తెలివి స్కోరులో లేదు, తీసివేతలో ఉంది. ఉదాహరణకు కథలూ వాక్యమూ ఒకే గొంతుతో, ఒకే దిక్కు నుంచి వచ్చినప్పుడు వాక్యం కథలకంటే 1 డెసిబెల్ తక్కువున్నా పిల్ల పట్టుకుంటోందనుకుందాం. అదే కథలు రెండు పక్కలకీ జరిగాక 11 తక్కువున్నా పట్టుకుంటే, దిక్కు తేడా వల్ల దక్కిన లాభం 10. దీన్నే స్పేషియల్ అడ్వాంటేజ్ అంటారు. ఇంకో పిల్ల ఎదురు కథల విడతలో అలాగే చేసి, కథలు పక్కలకి వెళ్లినా 5 దగ్గరే ఆగిపోతే లాభం 4 మాత్రమే. రెండు చెవుల సమాచారాన్ని కలిపి, పక్కల గొడవని అణచి ఎదురు మాటని పైకి తేవడం ఆ పిల్ల మెదడుకు చేతకావడం లేదన్నమాట. ఈ లాభం వయసు సగటుకంటే రెండు ప్రామాణిక విచలనాలు (పిల్లల స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) కిందికి పడితే స్పేషియల్ ప్రాసెసింగ్ డిజార్డర్ అని రాస్తాం. చిన్నప్పుడు పదే పదే చెవి కారిన పిల్లల్లో, కర్ణభేరి వెనక నీరు నిలిచి ఉండిన పిల్లల్లో ఇది ఎక్కువ కనిపిస్తుంది.

నాలుగు విడతల్లోనూ స్కోరు తక్కువై, తీసివేతలు మాత్రం మామూలుగా ఉంటే సమస్య వేరే చోట ఉంది: భాష, జ్ఞాపకశక్తి, ధ్యాస. ఆ పిల్లకు ఈ ఆటలు దండగ. ఎంతమంది తల్లిదండ్రులు అడిగినా ఇవ్వకూడదు.

పరీక్ష చెడేది రెండు చోట్ల. జలుబుతో వచ్చిన పిల్లకు టింపనోమెట్రీ (కర్ణభేరి కదలికని చూసే పరీక్ష) చేయకుండా కూర్చోబెడితే వచ్చే అంకె ఆ రోజుకే చెల్లుతుంది. చెవిలో నీరు ఉంటే వాయిదా వేయడమే మేలు. రెండోది, చివరి విడత అన్నిటికంటే కష్టం, అప్పటికే అలసట. "ఇప్పుడొచ్చేది అందరికీ కష్టమే, ఒక్క మాట వినపడినా చెప్పు" అని ముందే చెప్పకపోతే చాలామంది నోరు మూసుకుంటారు. అక్కడ స్కోరు అన్యాయంగా పడిపోతే తీసివేతలో లాభం అన్యాయంగా పెరుగుతుంది, నిజంగా ఉన్న లోపం దాక్కుంటుంది.

ఆటల సంగతి. పక్కల నుంచి కథలు నడుస్తుంటే ఎదురుగా "గుర్రం ఆరు తడి బూట్లని తన్నింది" లాంటి వింత ఇంగ్లీషు వాక్యం వస్తుంది. అందులోని పదానికి సరిపడే బొమ్మని నాలుగింట్లోంచి ముట్టుకోవాలి, తెలియకపోతే ప్రశ్నార్థకం. సరైతే మాట తగ్గుతుంది, తప్పితే పెరుగుతుంది. వాక్యం వింతగా ఉండటం కావాలనే: ఊహించి నెట్టుకురావడం కుదరదు. రోజుకు రెండు ఆటలు, పావుగంట, వారానికి 5 రోజులు, 12 వారాలు, మొత్తం 120 ఆటలు. నాలుగో వారం తర్వాత పిల్లలకి విసుగు పుడుతుంది, ఇది ఖాయం. బడికి వెళ్లేముందు పెట్టిన ఇళ్లలో పూర్తవుతుంది, రాత్రి భోజనాల తర్వాత పెట్టిన ఇళ్లలో సగంలో ఆగుతుంది.

ఎక్కువ శిక్షణ వృథా అయ్యేది ఐప్యాడ్ సెట్టింగుల దగ్గర. యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ అయి ఉంటే రెండు చెవుల్లోకీ ఒకే శబ్దం వెళ్తుంది, పక్కల కథలన్నీ నడినెత్తికి వచ్చేస్తాయి. పిల్ల ఆడుతూనే ఉంటుంది, మెదడుకు నేర్చుకోవడానికి దిక్కు అన్నదే ఉండదు. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో స్పేషియల్ ఆడియో ఆన్‌లో ఉన్నా ఇదే గొడవ, అది తన సొంత దిక్కులు కలిపేస్తుంది. ఐప్యాడ్ స్పీకర్ మీద ఆడించడం, ఒక బడ్ తమ్ముడికిచ్చి ఆడటం చెప్పనే అక్కర్లేదు. చెవి మొత్తం కప్పే మామూలు వైర్ హెడ్‌ఫోన్స్ చాలు. కుడి ఎడమ తారుమారైతే కంగారొద్దు. కథలు రెండు పక్కలా ఉన్నాయి కాబట్టి పెద్ద నష్టం లేదు.

ఆధారాలు ఎంత గట్టివి? 2011లో వచ్చిన తొలి అధ్యయనంలో 9 మంది పిల్లలే. 2012 నాటి పోలిక అధ్యయనంలో 10 మంది, సగంమందికి ఇంకో శిక్షణ. ఫలితం స్పష్టంగా ఉంది, సంఖ్య చిన్నది. రెండూ చెప్పి మొదలుపెట్టడం న్యాయం.

తెలుగు ఇళ్ల విషయానికొస్తే, మెల్‌బోర్న్‌లో పుట్టి అక్కడే బడికెళ్లే పిల్లకు ఈ పరీక్ష మామూలుగా చేయొచ్చు. నిరుడే విజయవాడ నుంచి వచ్చిన పిల్లకు ఒక్కో విడత స్కోరు నమ్మకూడదు. తీసివేతల్ని కొంతవరకు నమ్మొచ్చు, ఇంగ్లీషు రాకపోవడం రెండు వైపులా సమానంగా దెబ్బతీస్తుంది కాబట్టి. అర్థంలేని అక్షరాలతో అదే సిడ్నీ సంస్థ చేసిన లిస్న్-యూ పరీక్ష ఇలాంటి వాళ్లకు మెరుగు. ఇక్కడ హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మైసూరు ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ వాళ్ల స్కాప్ ప్రశ్నావళితో మొదలుపెట్టొచ్చు: 12 ప్రశ్నలు, 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ "అవును" అని వస్తే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గరికి. సికింద్రాబాద్‌లో వినికిడి, మాట లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

శిక్షణ నడుస్తున్న 12 వారాలూ పిల్లని ఫ్యాను మోతకూ తలుపుకూ దూరంగా ముందు బెంచీలో కూర్చోబెట్టమని బడికి ఉత్తరం ఇవ్వండి. దూరం సగమైతే ఖాళీ ప్రదేశంలో టీచరు గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల అంత రాకపోయినా, ఖర్చులేని పని.

శిక్షణ అయ్యాక అదే పరీక్ష మళ్లీ చేసి, పక్కల విడతలు మెరుగయ్యాయా, ఎదురుగా అదే గొంతున్న విడత ఉన్నచోటే ఉందా చూడండి. రెండూ ఒకే మోతాదులో మెరుగైతే అది పరీక్ష అలవాటైపోవడం. పక్కలవే మెరుగైతేనే ఆటలు పనిచేశాయని ఫైల్లో రాయండి.