తెల్లమద్ది పాలు, అవిసె కారప్పొడి: మూడేళ్ల తర్వాత

నలభై తొమ్మిదో ఏట నాకు ముట్లు ఆగిపోయాయి. ఏడాది తిరక్కుండా ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 158కి వచ్చింది. అంతకుముందు 120 దాటిందే లేదు. తిండి అదే, బరువూ అంతే. ఈస్ట్రోజెన్ తగ్గితే కొలెస్ట్రాల్ ఇలాగే పెరుగుతుందని డాక్టరమ్మ మాత్ర రాశారు. మూడు నెలలు గడువు అడిగి తెల్లమద్ది చెక్క పొడి తెచ్చుకున్నాను.

చెంచా పొడికి అరగ్లాసు పాలు, రెండు గ్లాసుల నీళ్లు. సన్నసెగ మీద అరగ్లాసు మిగిలేదాకా మరగాలి. ముప్పావుగంట పొయ్యి దగ్గర కాపలా! రెండుసార్లు గిన్నె మాడింది. ఇటుక రంగు, నాలుక పట్టేసేంత వగరు. మా వారు వాసన చూసి "చెప్పులు నానేసిన నీళ్లా?" అన్నారు. ఆయన తప్పేం లేదు, ఈ చెక్కతో తోళ్లు కూడా పదును చేస్తారు.

మూడు నెలలకి ఎల్‌డీఎల్ 151. ఆ ఏడు పాయింట్లు మద్ది వల్లే తగ్గాయని నేను చెప్పలేను. మాత్ర వేసుకున్న రెండు నెలలకి 97కి దిగింది.

మద్ది పాలు మానేశాను గానీ అవిసె గింజలు మాత్రం మానలేదు. దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లితో పొడి కొట్టి రోజూ మొదటి ముద్దలోకి చెంచాడు. గింజల్ని అలాగే మింగితే చాలావరకు అరక్కుండానే పోతాయి, పొడే కొట్టాలి. నీళ్లు బాగా తాగాలి, మాత్రకీ దీనికీ ఎడం ఉంచాలి. మలబద్ధకం పోయింది, అది ఖాయం.

అసలు దెబ్బ తగిలింది రెండో ఏడు. ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు తట్టుకోలేక ఆడవాళ్ల చూర్ణం అని ఒక డబ్బా కొన్నాను. "అంతా మూలికలేనమ్మా, ఏం కాదు" అన్నాడు షాపతను. మూడో వారానికి చీలమండలు ఉబ్బాయి, చెప్పు పట్టీ అచ్చు పడేది. ఎప్పుడూ 124 ఉండే బీపీ 152. డాక్టరమ్మ డబ్బా తెమ్మన్నారు. వెనకాల చీమల బారులాంటి అక్షరాల్లో అతిమధురం అని ఉంది. రోజూ తింటే అది ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుందట, పొటాషియాన్ని పోగొడుతుందట. గొంతు గరగరకి చిన్న ముక్క చప్పరించడం వేరు, పూటకో చెంచా మింగడం వేరు. మానేశాక నెలలోపే బీపీ దిగింది.

ఇప్పుడు ఏ డబ్బా కొన్నా ముందు దాని ఫోటో ఆవిడకి పంపుతాను. తెల్లమద్ది పొడి సీసా అడుగున ఇంకా రెండు చెంచాలుంది. కొత్తది కొనలేదు.