పూర్వీకుల జాడకు భూలేఖ్ ఒడిశా ఎంతవరకు పనికొస్తుంది?

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో ముత్తాత పేరు తెలిసినా, ఆయన తండ్రెవరో చెప్పేవాళ్లు అరుదు. మామూలు రైతు పేరు ఎక్కడైనా రాసి ఉందంటే అది భూమి లెక్కల్లోనే. ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ సైటు వాటిని రుసుము లేకుండా చూపిస్తుంది. వంశవృక్షానికి మొదటి మెట్టుగా దీన్నే సిఫార్సు చేస్తాం.

ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) పేజీలో జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకుంటే ఖాతా, ప్లాట్, రైతు పేరు అని మూడు దారులుంటాయి. ప్లాట్ నంబరు చేతిలో ఉంటే దానితోనే వెతకండి. పేరుతో వెతికేవాళ్లకు చిక్కు ఒడియా రాతలో ఉంది. ఆ లిపిలో ఎ, ఏలకు ఒకే అక్షరం, ఒ, ఓలకూ అంతే. మన 'వ' అక్కడ బ, భ, ఒక్కోసారి వేరే అక్షరంగా మారుతుంది. వెంకన్న కోసం 'బెం', 'భెం' రెండూ చూడాలి. ఇంటిపేరు ముందుండవచ్చు, చివరికి పోయి ఉండవచ్చు.

అసలు సరుకు ఆ రికార్డు ముందు పేజీ (ఫ్రంట్ పేజీ)లోని రైతు పేరు గడిలో ఉంది. పేరు పక్కన 'పి:' అంటే తండ్రి, 'స్వా:' అంటే భర్త, 'జా:' అంటే కులం, 'బా:' అంటే నివాసం. 'బా:' తర్వాత నిజిగాఁ అని ఉంటే అదే ఊరివాడు. వేరే ఊరి పేరుంటే ఆ ఊరి ఖాతాలూ తీయండి, వలస దారి అక్కడే దొరకవచ్చు. ఒకే 'పి:' కింద నలుగురుంటే వాళ్లు అన్నదమ్ములు. అంతిమ ప్రకాశన తేదీ, అంటే ఆ రికార్డును చివరగా ప్రకటించిన తేదీ, తప్పక రాసుకోండి. అది 1975 అనుకుంటే, అప్పటికి అరవయ్యేళ్లున్న రైతు తండ్రి 19వ శతాబ్దంలో పుట్టినవాడే అయి ఉంటాడు.

లోపం ఏమిటంటే, సైటులో కనిపించేది ఇప్పటి ఖాతా. వారసుల పేరు ఎక్కాక తాత పేరు ఉండదు. అందుకే రిమార్కుల్లోని మ్యుటేషన్ (పేరు మార్పు) కేసు నంబరు విలువైనది. వారసత్వం మీద పేరు మారిన కేసైతే, ఆ ఫైలు నకలుకు తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. ఎవరి తర్వాత ఎవరన్నది అందులోనే తేలుతుంది. పాత సెటిల్‌మెంట్ ఖతియాన్ (అప్పటి సర్వేలో రాసిన భూమి రికార్డు) కావాలంటే సాబిక్ నంబరు, అంటే పాత ప్లాట్ నంబరు కావాలి. ఇప్పటి హాల్ నంబరుతో అడిగితే వేరొకరి పొలం చేతికొస్తుంది. ఆడవాళ్ల జాడకైతే ఈ సైటు బలహీనం. ఎక్కువగా 'స్వా:' ఉన్నచోటే కనిపిస్తారు, అప్పుడూ పుట్టింటి పేరుండదు.

పర్లాకిమిడి వాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. గజపతి జిల్లా 1992 అక్టోబర్ 2న ఏర్పడింది, అంతకుముందు అది గంజాం జిల్లాలోదే కాబట్టి అప్పటి కాగితాలకు జిల్లా కేంద్రం ఛత్రపురం. 1936 ఏప్రిల్ 1కి ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఇచ్ఛాపురం వైపు ఊళ్లు ఆనాడు మద్రాసులోనే ఉండిపోయాయి కాబట్టి అవి భూలేఖ్‌లో దొరకవు.

భూమి అమ్మినట్టో కొన్నట్టో ఇంట్లో మాట ఉంటే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లండి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకాన్ని (భూముల దస్తావేజులు ఎక్కించే రిజిస్టరు), దాని సూచికల్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. పేర్ల సూచిక ఒకటో నంబరుది, ఆస్తులది రెండోది. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినవాళ్లు చనిపోయాక వాటి నకలు ఎవరికైనా ఇస్తారు.