3018 మీద అల్యూమినియం, ఇత్తడి: ఈ చిన్న రూటర్ ఎంతవరకు పనికొస్తుంది

3018 తరగతి సీఎన్‌సీ రూటర్‌తో (కంప్యూటర్ ఆదేశాలతో బిట్‌ను తిప్పి, నడిపి చెక్కే చిన్న యంత్రం) 3 మి.మీ. మందం దాకా అల్యూమినియం రేకు శుభ్రంగా కోయవచ్చు. ఇత్తడి పలక మీద పేర్లు చక్కగా చెక్కవచ్చు. 10 మి.మీ. దిమ్మలోంచి రోజుకు పది బ్రాకెట్లు తీయాలనుకుంటే మాత్రం డబ్బు దాచుకోండి, ఇంకాస్త పెద్ద యంత్రం కొనుక్కోండి. బిగించి, సరిచేసుకుని వాడితేనే ఈ మాట నిజం. డబ్బాలోంచి తీసినది తీసినట్టే అల్యూమినియం మీద పెడితే, మొదటి గాడి సగంలోనే బిట్ విరుగుతుంది.

300 × 180 మి.మీ. కదలిక ఉంది కాబట్టి 3018 అన్నారు. జడ్ నిలువు కదలిక 45 మి.మీ. స్పిండిల్ అంటే బిట్‌ను తిప్పే భాగం, ఇక్కడ 24 వోల్టుల 775 బ్రష్ మోటారు. దాని 5 మి.మీ. షాఫ్టుకు ఈఆర్11 కొలెట్ (బిట్‌ను పట్టి ఉంచే చీలికల గొట్టం) కడ్డీని తొడిగి, రెండు గ్రబ్ స్క్రూలతో బిగిస్తారు. ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి 10,000 చుట్లు అంటారు, లోహంలో దిగాక తగ్గుతుంది. నడిపేది జీఆర్‌బీఎల్ అనే నియంత్రణ ప్రోగ్రాం ఉన్న బోర్డు. చాలా రకాల్లో నిలువు స్తంభాలు, జడ్ బండి ప్లాస్టిక్‌వి. ఎక్స్ కదలిక 10 మి.మీ. గుండ్రటి కడ్డీల మీద. లోహం పని కోసమే కొంటుంటే నిలువు పలకలు, జడ్ బండి అల్యూమినియంతో చేసిన రకమే కొనండి. ఆఫ్‌లైన్ కంట్రోలర్, లేజర్ తల లాంటి అదనాలు చూసి మురిసిపోకండి.

ఎందుకంటే ఈ యంత్రానికి కొరత మోటారు బలం కాదు, బిగువు. లెక్క చూడండి. 3.175 మి.మీ. బిట్‌తో, 0.15 మి.మీ. లోతున, నిమిషానికి 250 మి.మీ. చొప్పున గాడి తీస్తే పోయే అల్యూమినియం నిమిషానికి దాదాపు 119 ఘన మిల్లీమీటర్లు, సెకనుకు రెండు. దానికి నాలుగైదు వాట్లు కూడా పట్టదు. 24 వోల్టుల మామూలు అడాప్టర్‌కు అది లెక్కే కాదు. అయినా అంతకంటే లోతు పెంచితే కీచుమంటుంది, అంచు అలలు తేలుతుంది. కడ్డీలు వంగుతున్నాయి, బండి ఊగుతోంది, అందుకు. స్పిండిల్ తలను వేలితో పక్కకు నొక్కి, డయల్ ఇండికేటర్ (సన్నని కదలికను కొలిచే పరికరం) ముల్లు ఎంత కదిలిందో చూస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

బిగింపు విషయంలో అసెంబ్లీ కాగితం చెప్పనివి కొన్ని. స్తంభాలు బెడ్‌కు లంబంగా ఉన్నాయో లేదో మూలమట్టంతో చూశాకే చివరి స్క్రూలు బిగించాలి. లీడ్ స్క్రూ (బండిని కదిపే మరల కడ్డీ) నట్టుకు రెండో నట్టు, మధ్యలో స్ప్రింగు ఉంటే ఆ స్ప్రింగు నొక్కుకుని ఉండాలి. వదులుగా ఉంటే ఇరుసు దిక్కు మారిన ప్రతిచోటా వదులు కదలిక తెలుస్తుంది, వలయం నాలుగు వైపులా చదునుగా వస్తుంది. స్పిండిల్ బెడ్‌కు నిట్టనిలువుగా లేకపోతే చదును చేసిన తలం మీద గీతకు గీతకు మధ్య మెట్టు తగులుతుంది. సన్నని రేకు ముక్కను మోటారు పట్టు వెనక దూర్చి సరిచేయవచ్చు.

కొలెట్ గురించి ఒక్క మాట, ఎందుకంటే ఈ పొరపాటు అందరూ చేస్తారు. కొలెట్‌ను ముందు నట్టులో వంచి నొక్కి, టిక్కుమనేదాకా కూర్చోబెట్టాలి. తర్వాతే కడ్డీకి తగిలించి, బిట్ పెట్టి బిగించాలి. కొలెట్‌ను కడ్డీలో వేసి పైన నట్టు తిప్పితే బిట్ వంకరగా తిరుగుతుంది, విప్పేటప్పుడు కొలెట్ లోపలే ఇరుక్కుంటుంది.

ఇక బిట్. యంత్రంతో ఇచ్చే సూదిమొన వి-బిట్లు సర్క్యూట్ బోర్డుల కోసం. అల్యూమినియం మీద వాటి మొన క్షణం నిలవదు. కావలసింది 3.175 మి.మీ. సింగిల్ ఫ్లూట్ (ఒకే పన్ను ఉన్న) కార్బైడ్ ఎండ్‌మిల్, అంటే చదును మొన బిట్, పూత లేనిది లేదా డీఎల్‌సీ (వజ్రం లాంటి కార్బన్) పూతది. ఉక్కు కోసం వచ్చే నల్లటి టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత వద్దు, దానికి అల్యూమినియం అంటుకుంటుంది. ఒకే పంటి బిట్‌కు ఇక్కడ ఇంకో లాభం ఉంది. ఈ కొలెట్ కడ్డీ ఎంతో కొంత వంకర తిరుగుతుంది. రెండు పళ్లుంటే ఒకటే పని చేస్తుంది, రెండోది ఊరికే రుద్దుతుంది. ఒకే పన్ను అయితే ఆ వంకర గాడి వెడల్పును కాస్త మారుస్తుంది, అంతే. ఆ వెడల్పు కొలిచి సాఫ్ట్‌వేర్‌లో బిట్ వ్యాసంగా ఇస్తే సరిపోతుంది.

బిట్‌ను కొలెట్‌లోకి వీలైనంత లోపలికి పెట్టండి. బయట 12 మి.మీ. ఉండాల్సింది 17 ఉంటే వంపు దాదాపు మూడింతలు. అలాగే 3.175 బదులు 2 మి.మీ. బిట్ పెడితే వంపు ఆరింతలు దాటుతుంది. చిన్న మూలల కోసం తప్ప సన్నని బిట్ జోలికి పోవద్దు.

వేగాల దగ్గర భయమే శత్రువు. బిట్ విరుగుతుందేమోనని ఫీడ్‌ను, అంటే బిట్ ముందుకు సాగే వేగాన్ని, నిమిషానికి 50 మి.మీ.కు తగ్గిస్తారు. 10,000 చుట్ల దగ్గర పంటికి వచ్చే కోత అప్పుడు 0.005 మి.మీ. అంత పలచటి పొరను బిట్ అంచు కోయలేదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడికి అల్యూమినియం మెత్తబడి గాడిలో అతుక్కుంటుంది, అతుక్కున్న బిట్ ఇక బిట్ కాదు, మేకు. భయముంటే లోతు తగ్గించండి, ఫీడ్ తగ్గించకండి. 6061-టీ6 (గట్టిపరచిన ఒక అల్యూమినియం మిశ్రమం) రేకు మీద 0.1 లోతు, నిమిషానికి 250 మి.మీ. దగ్గర మొదలుపెట్టి, శబ్దం బాగుంటే 0.15కు వెళ్లండి. నిలువుగా గుచ్చకుండా 2–3 డిగ్రీల వాలుగా దిగేలా ర్యాంప్ పెట్టాలి. ఈ లెక్కన 3 మి.మీ. రేకులోంచి 50 మి.మీ. బిళ్ల కోయడానికి 20 చుట్లు, 13–14 నిమిషాలు. ఓపిక లేకపోతే ఈ యంత్రం కొనకండి.

గాడి బిట్ కన్నా వెడల్పైనదైతే ఇంకో దారి ఉంది. అడాప్టివ్ పద్ధతిలో లోతు 1 మి.మీ., పక్కకు 0.3 మి.మీ. మాత్రమే తీస్తూ పోతే ఫీడ్‌ను 400 దాకా తీసుకెళ్లవచ్చు. పక్కకు తక్కువ తీసినప్పుడు పొర పలచబడుతుంది కాబట్టి ఆ పెంపు అవసరం కూడా. బిట్ కొస ఒక్కటే అరిగిపోకుండా 1 మి.మీ. అంచంతా పని పంచుకుంటుంది. ఆటోడెస్క్ ఫ్యూజన్ (పాత పేరు ఫ్యూజన్ 360) సాఫ్ట్‌వేర్‌లో ఇది సులువే, కాకపోతే ఉచిత వ్యక్తిగత లైసెన్సులో ఖాళీ కదలికలు కూడా కోత వేగంతోనే సాగుతాయి.

ఒక సెట్టింగ్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. జీఆర్‌బీఎల్‌లో $30 (గరిష్ఠ స్పిండిల్ వేగం) విలువ 10000 ఉండి, మీ ఫైల్‌లో స్పిండిల్ వేగం 1000 అని ఉంటే మోటారుకు అందేది పదో వంతు. బిట్ నీరసంగా తిరుగుతూ లోహంలోకి వెళ్లి పుటుక్కుమంటుంది. రెండూ ఒకే కొలతలో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

లోహం రకం కూడా యంత్రమంత ముఖ్యం. హైదరాబాద్‌లోని బాలానగర్ లాంటి పారిశ్రామికవాడల్లో ముక్కలు తీసుకునేటప్పుడు గ్రేడు అడిగి తీసుకోండి. 6061 గానీ, పాతవాళ్లు హెచ్‌ఈ30 అనే 6082 గానీ టీ6 గట్టిదనంతో ఉంటే పొట్టు తెగి పడుతుంది. 19000 అని అమ్మే దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం వంగడానికి బాగుంటుంది, కోతకు జిగురు ముద్ద. కిటికీ ఫ్రేముల 6063 ఈ రెంటికీ మధ్యన. రాగి సాగుతుంది, బిట్‌ను పట్టేస్తుంది. ఈ యంత్రం మీద గీతలు చెక్కడానికి మించి ప్రయత్నించవద్దు.

బిట్లు విరగడానికి అన్నిటికన్నా పెద్ద కారణం గాడిలో ఉండిపోయిన పొట్టు. కోసినదాన్నే మళ్లీ కోస్తుంటే పన్ను నలుగుతుంది. అక్వేరియం పంపు గాలి లోతులేని గాడికి సరిపోతుంది, 1 మి.మీ. దాటితే ఎయిర్‌బ్రష్ కంప్రెసర్ కావాలి. తడి కోసం మన వర్క్‌షాపుల్లో ఎప్పటినుంచో వాడే కిరోసినే చాలు, బ్రష్‌తో చుక్కలుగా. స్ప్రే చేయవద్దు. 775 బ్రష్ మోటారు, లోపల నిప్పురవ్వలు సహజం. పైన ఆవిరయ్యే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొట్టడం మరీ ప్రమాదం. ఇంకోటి, ఆ మోటారు చల్లబడటానికి గాలిని రంధ్రాల గుండా పీలుస్తుంది. మీరు ఊదిన రజను తిన్నగా అందులోకే వెళితే షార్ట్. గాలి గొట్టాన్ని పక్కకు ఊదేలా పెట్టండి, మోటారు కింద ఒక ప్లాస్టిక్ పళ్లెం లాంటి అడ్డు తగిలించండి. యంత్రం వెనక తెరిచి ఉండే కంట్రోల్ బోర్డుకు డబ్బా తొడగకుండా లోహం మొదలుపెట్టనే వద్దు.

ముక్కను పట్టి ఉంచడానికి బెడ్ మీద ఎండీఎఫ్ పలక బిగించి, దాన్ని ఇదే యంత్రంతో చదును చేసి, దాని మీద మాస్కింగ్ టేపు, రేకు వెనక ఇంకో టేపు, రెంటి మధ్య ఫెవిక్విక్. 3 మి.మీ. రేకును ఇది క్లాంపుల కన్నా సమంగా పట్టుకుంటుంది, మధ్యలో రేకు ఉబ్బదు. అంటించే ముందు రేకు మీది నూనె తుడవాలి. అయితే కిరోసిన్ టేపు జిగురును కరిగిస్తుంది కాబట్టి ఈ పద్ధతిలో గాలితో పొడిగానే కోయండి. తడి తప్పనిసరి అయితే స్క్రూలు, క్లాంపులు వాడి, ముక్క విడిపోకుండా 0.5 మి.మీ. మందపు ట్యాబులు (కోయకుండా ఉంచే చిన్న వంతెనలు) వదలండి.

ఇత్తడి దగ్గర ఈ యంత్రం నిజంగా మెప్పిస్తుంది. సీసం కలిసిన ఫ్రీ కటింగ్ ఇత్తడి పొడిగానే తెగుతుంది, బిట్‌కు అంటదు, రజను పొడిలా రాలుతుంది. మామూలు 63/37 (రాగి/జింకు శాతం) రేకు కాస్త సాగుతుంది, అయినా సరే. లోతు 0.1, ఫీడ్ 200 దగ్గర మొదలుపెట్టండి. పొడిలా కనిపించినా రజను సూదుల్లా గుచ్చుకుంటుంది, చేత్తో తుడవకండి. కళ్లద్దాలు సరేసరి.

ఇంటి గుమ్మానికి ఇత్తడి నేమ్ ప్లేటు చెక్కేవాళ్లకు తెలుగు అక్షరాల దగ్గరే అసలు పరీక్ష. చాలా కటింగ్ సాఫ్ట్‌వేర్లకు మన ఒత్తులు, గుణింతాలు కలపడం రాదు. "లక్ష్మి" అని కొడితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి, పాత్‌గా మార్చి, యూనియన్ చేసి ఎస్‌వీజీగా తీసుకెళ్లండి. యూనియన్ మరిస్తే అక్షరం, ఒత్తు ఒకదానిమీదొకటి ఎక్కిన చోట బిట్ రెండుసార్లు చెక్కుతుంది, తలకట్టు దగ్గర మచ్చ పడుతుంది. వి-బిట్ కోణం అక్షరం లావును బట్టి ఎంచుకోవాలి. 1.5 మి.మీ. వెడల్పు గీతకు 90 డిగ్రీల బిట్ 0.75 మి.మీ. దిగితే చాలు, 60 డిగ్రీలదైతే 1.3 మి.మీ. దిగాలి. అంటే లావు అక్షరానికి 90 హాయి. కానీ "శ్రీ", "కృష్ణ" లాంటి వాటిలో ఒత్తుకూ అక్షరానికీ మధ్య సందు సన్నం. అంచు పొరపాటున లేచిపోకుండా ఉండాలంటే అక్కడ 60 మేలు.

వి-బిట్‌కు పలక చదును ప్రాణం. 90 డిగ్రీల దగ్గర ఎత్తులో 0.1 మి.మీ. తేడా వస్తే గీత వెడల్పు 0.2 మారుతుంది, కంటికి కనిపిస్తుంది. యంత్రాన్ని నడిపే క్యాండిల్ సాఫ్ట్‌వేర్‌లో హైట్ మ్యాప్ (బిట్‌ను పలకకు తాకించి తీసే ఎత్తుపల్లాల కొలత) తీసుకుంటే ఈ బాధ లేదు. ఇత్తడి కరెంటు వాహకమే కాబట్టి ప్రోబ్ తీగల్లో ఒకటి పలకకు, ఒకటి బిట్‌కు తగిలిస్తే చాలు, ప్రత్యేక పలక అక్కర్లేదు. అల్యూమినియంకూ ఇదే పద్ధతి, కానీ అనోడైజ్ చేసిన రేకు మీద చేయబోకండి. ఆ పొర విద్యుత్తును ఆపుతుంది, బిట్ ఆగకుండా దిగిపోయి గుచ్చుకుంటుంది. సన్నగీతల పనికి స్ప్రింగు ఉన్న డైమండ్ డ్రాగ్ బిట్ ఇంకా తేలిక: స్పిండిల్ ఆపేసి, తలం కింద 0.3 మి.మీ. లోతు ఇచ్చి గీయించడమే. చెక్కాక అంచు మీద లేచిన గరుకును (బర్రును) సన్నటి ఆకురాయితో కాక, చెక్క దిమ్మకు చుట్టిన నీటి ఉప్పుకాగితంతో తీస్తే అక్షరం అంచు మొద్దుబారదు.

పని మధ్యలో యూఎస్‌బీ తెగిపోతోందన్న ఫిర్యాదు చాలా ఉంది. దానికి ముఖ్య కారణం బ్రష్ మోటారు విసిరే విద్యుత్ రొద. ఫెరైట్ గుళిక ఉన్న పొట్టి కేబుల్ వాడి, దాన్ని స్పిండిల్ తీగలకు దూరంగా నడిపించండి. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి. స్టెప్పర్లు (ఇరుసులను కదిపే మోటార్లు) అడుగులు తప్పుతుంటే డ్రైవర్ రెఫరెన్సు వోల్టేజీ చూడాలి. ఏ4988 డ్రైవర్ చిప్‌కు 0.1 ఓం రెసిస్టర్లు ఉంటే 0.8 వోల్టులు అంటే 1 ఆంపియర్.

మెరుగులకు వస్తే అందరూ మొదట కొనేది 500 వాట్ల స్పిండిల్. తప్పు వరస. ఆ బరువును ప్లాస్టిక్ జడ్ బండి మోయలేదు, ఊగడం ఇంకా పెరుగుతుంది. మొదట అల్యూమినియం జడ్ బండి, తర్వాత కొలెట్ కడ్డీ బాగున్నది ఒకటి, ఆ తర్వాతే 52 మి.మీ. పట్టులో కూర్చునే 300 వాట్ల స్పిండిల్. అప్పటిదాకా సొరుగులో ఇంకో 775 మోటారు ఉంచుకోండి. బ్రష్‌లు అరిగిన రోజున వేగం పడిపోతుంది, మీరు ఫీడ్‌ను అనుమానిస్తూ బిట్లు మారుస్తుంటారు.