గ్నూ గ్రెప్: గ్రెప్_ఆప్షన్స్‌ని తీసేసి మంచి పని చేశారు, ఈగ్రెప్ జోలికి పోకుండా ఉండాల్సింది

లైనక్స్ మీద పని చేసేవాళ్లకి, ఫైళ్లలో మాటలు వెతికిపెట్టే గ్నూ గ్రెప్ కమాండ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. లాగ్ ఫైల్లో ఎర్రర్ వెతకాలన్నా, వేల ఫైళ్ల ప్రాజెక్టులో ఒక ఫంక్షన్ ఎక్కడుందో చూడాలన్నా ముందు టైప్ చేసేది దాన్నే. వెతికే పనిలో నేను వంక పెట్టేదేమీ లేదు. పాత వాడకాల్ని అది వదిలించుకునే పద్ధతి మీద మాత్రం మాట్లాడాలి.

గ్రెప్_ఆప్షన్స్ అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ఒక టెర్మినల్ నుంచి నడిచే ప్రోగ్రాములన్నిటికీ అందే సెట్టింగ్, ఉండేది. మనకి కావాల్సిన ఆప్షన్లు అందులో పెట్టుకుంటే గ్రెప్ నడిచిన ప్రతిసారీ వాటంతటవే చేరిపోయేవి. వినడానికి హాయిగానే ఉంటుంది, కానీ ఆ ప్రతిసారీలో స్క్రిప్టులు కూడా ఉన్నాయి కదా! దొరికిన మాటకి రంగులు ఎప్పుడూ రావాలని ఎవరైనా బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైల్లో) ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే, ఆ టెర్మినల్ నుంచి నడిపిన బిల్డ్ స్క్రిప్టులోని గ్రెప్ అవుట్‌పుట్‌లోకి కూడా రంగుల కోడ్లు వచ్చి పడేవి, తర్వాతి కమాండ్ ఆ చెత్తని కూడా ఫైల్ పేరులో భాగమే అనుకుని ఆగిపోయేది. లైన్ నంబర్లు పెట్టుకున్నా అదే గొడవ. పైగా అదే స్క్రిప్టు పక్క సీటు మెషీన్లో శుభ్రంగా నడుస్తుంది, దాంతో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి పూట గడిచిపోతుంది. 2014లో 2.21 వెర్షన్ నుంచి హెచ్చరించడం మొదలుపెట్టి, 2020లో 3.6 వచ్చాక ఆ వేరియబుల్‌ని పట్టించుకోవడం పూర్తిగా మానేశారు. రంగులు కావాలంటే ఏలియాస్ (కమాండ్‌కి మనం పెట్టుకునే మారుపేరు) పెట్టుకోవచ్చు, అది మనం చేత్తో టైప్ చేసిన కమాండ్‌కే వర్తిస్తుంది, స్క్రిప్టుల్లోకి దూరదు. నష్టం చేసేదాన్ని తీశారు, బదులుగా అంతకంటే మంచి దారి ఉంది, సర్దుకోవడానికి ఆరేళ్లు ఇచ్చారు. పాత ఆప్షన్‌కి సెలవు ఇవ్వడమంటే ఇలాగే ఇవ్వాలి.

గ్రెప్‌కి తోబుట్టువుల్లాంటి కమాండ్లు ఈగ్రెప్ (మరింత శక్తివంతమైన ప్యాటర్న్‌లతో వెతికేది), ఎఫ్‌గ్రెప్ (రాసిన మాటని ఉన్నదున్నట్టు వెతికేది) సంగతి వేరు. బెల్ ల్యాబ్స్‌లో ఆల్ఫ్రెడ్ అహో రాసిన ఈ రెండూ 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌లోనే ఉన్నాయి. గ్నూ వాళ్లు 2007లోనే వీటిని వాడొద్దన్నారు, అయినా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. 2022 సెప్టెంబర్‌లో 3.8 వచ్చాక ఈగ్రెప్ అని కొట్టగానే, ఇది కాలం చెల్లింది, బదులుగా గ్రెప్‌ని -E (పెద్ద అక్షరం E) ఆప్షన్‌తో నడుపుతున్నాను అని ఒక లైన్ ప్రింట్ అవుతోంది. ఆ లైన్ స్టాండర్డ్ ఎర్రర్‌లోకి, అంటే మామూలు ఫలితాలకి వేరుగా హెచ్చరికలు వచ్చే దారిలోకి, వెళ్తుంది. టెర్మినల్లో చూస్తే చిన్న విషయమే. కానీ ఎర్రర్‌నీ అవుట్‌పుట్‌నీ కలిపి చదివే స్క్రిప్టులో, ఎర్రర్ ఖాళీగా ఉందో లేదో చూసే టెస్టుల్లో, చెప్పిన టైముకి దానంతటదే నడుస్తూ ఏ చప్పుడు వచ్చినా మెయిల్ పంపే క్రాన్ జాబ్‌లో ఆ ఒక్క లైనే టెన్షన్ తెచ్చిపెడుతుంది. ఇంతా చేసి గ్నూ ఈగ్రెప్ అంటే గ్రెప్‌నే ఆ ఆప్షన్‌తో పిలిచే చిన్న షెల్ స్క్రిప్టు. అది అలాగే ఉంటే ఎవరికీ నష్టం లేదు!

యూనిక్స్ తరహా సిస్టమ్‌ల కోసం రాసిన పాసిక్స్ ప్రమాణంలో ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ పేర్లు లేవనే వాదన ఉంది, అది నిజమే. కానీ సొలారిస్ 10 అనే యూనిక్స్‌లో మామూలు గ్రెప్‌కి -E ఆప్షనే తెలియదు, అందుకే అన్నిచోట్లా నడవాలని జాగ్రత్తపడి రాసినవాళ్లు ఈగ్రెప్ వాడారు. వాళ్ల జాగ్రత్తకి ఇప్పుడు వార్నింగ్ బహుమతి అయితే ఎలా? అందుకే 5కి 4 ఇస్తున్నాను, తగ్గిన ఆ ఒక్కటీ పూర్తిగా ఈగ్రెప్ వల్లే.

మీ స్క్రిప్టుల్లో ఈగ్రెప్ ఇంకా ఉంటే గ్రెప్ -Eకి మార్చుకోండి, పెద్ద పనేం కాదు. ఒక్కటి చూసుకోండి, చిన్న అక్షరం -e అంటే అది వేరే ఆప్షన్, ఎర్రర్ రాదు గానీ ఫలితం మారిపోతుంది. మార్చలేని పాత కోడ్ అయితే ఈగ్రెప్ పేరుతోనే మీ సొంత రెండు లైన్ల స్క్రిప్టు రాసి, పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వరసగా వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందొచ్చే ఫోల్డర్‌లో పెట్టండి, ఆ హెచ్చరిక ఇక కనపడదు.