నల్లమలా, మారేడుమిల్లా? అడవికి వెళ్లాలంటే ఏది మేలు?

అడవి చూడాలని ఉంది, ఎక్కడికి వెళ్లమంటారు అని అడిగిన వాళ్లను నేను ఒకటే అడుగుతాను: నడవడానికా, జంతువుల్ని చూడటానికా? రెండూ ఒకే చోట దొరకడం మన దగ్గర కష్టం.

జంతువులే కావాలంటే నల్లమల. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చేరితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. చిరుమాను, నల్లమద్ది, టేకు, తునికి... ఎక్కువగా ఆకు రాల్చే చెట్లే. చూసేవాళ్లకు అదే కలిసొస్తుంది. ఎండాకాలం మొదలయ్యేసరికి అడవి పలచబడి చూపు దూరం సాగుతుంది. నీళ్లు తగ్గేకొద్దీ దుప్పులు, కణుతులు (సాంబార్ జింకలు), మనుబోతులు (నీల్‌గాయ్) గుంటల దగ్గరికి దిగుతాయి. పులి కోసమే వెళ్తే మాత్రం నిరాశే ఎక్కువ. దుప్పి ఒక్కసారిగా బిగుసుకుపోయి ఒకే వైపు చూస్తూ అరిచిందంటే, ఆ పొదల్లో ఏముందో కనబడకపోయినా మన గుండె కొట్టుకునే తీరు మారిపోతుంది. నాకు అది చాలు.

చిక్కల్లా నడకతోనే. పులుల అడవిలో సొంతంగా తిరగనివ్వరు, ఫరహాబాద్ వైపు అటవీశాఖ వాహనంలోనే తిప్పుతారు. వానాకాలంలో సఫారీ ఆపేస్తారు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లు వదలరు, టైం చూసుకుని బయలుదేరండి.

మారేడుమిల్లి దారే వేరు. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా వెళ్తాం. వానలు ఎక్కువ కాబట్టి అడవి చాలాకాలం పచ్చగా, చిక్కగా ఉంటుంది. అందుకే ఇక్కడ కళ్లకంటే చెవులకే పని ఎక్కువ. కొండగోరింక ఈల వినిపిస్తుంది, పిట్ట మాత్రం కనబడదు. ఆకుల మధ్య పది నిమిషాలు కదలకుండా నిలబడితే అప్పుడు కొమ్మ ఊగుతుంది. చింతూరు వెళ్లే ఘాట్ రోడ్డులో జలతరంగిణి వాగు పక్కనే నీడలో నడవొచ్చు. అమృతధార జలపాతానికి కాస్త దూరం అడవిలో నడిచే వెళ్లాలి. లోపలి బాటల్లోకి వెళ్లాలనుకుంటే అక్కడి గిరిజనులైన కొండరెడ్లలో ఒకరిని తోడు తీసుకెళ్లి, వాళ్లకు న్యాయమైన కూలీ ఇవ్వండి. చెట్టు చెట్టుకీ పేరు తెలిసిన మనిషి పక్కనుంటే కిలోమీటరు నడకకు పూటంతా పడుతుంది. మలేరియా ఉన్న ప్రాంతం, దోమల మందు మరిచిపోవద్దు.

ఒక్క రోజే ఉన్న హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ అనంతగిరి. మూసీ పుట్టే కొండలు. ఆదివారం కాకుండా మామూలు రోజు, తెల్లారగానే వెళ్తేనే పిట్టలు.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే మారేడుమిల్లే అంటాను. జీపులో కూర్చుని చూసిన దుప్పి కంటే, కాళ్లకింద తడి ఆకు మెత్తగా తగులుతుంటే విన్న పిట్ట కూతే నాకు ఎక్కువ కాలం గుర్తుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తుంటే మాత్రం మార్చిలో నల్లమల, పొద్దున మొదటి సఫారీకే.